ఘాట్ రోడ్డు వేడి వేరు, ట్రాక్ వేడి వేరు

ప్రశ్న: అయ్యా, నమస్కారం. మాది తిరుపతి. నా దగ్గర 2014 నాటి పెట్రోలు స్విఫ్ట్ ఉంది. కొన్ని నెలల కిందట స్నేహితులతో కలిసి శ్రీపెరంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు వెళ్లి, ఔత్సాహికుల కోసం పెట్టిన రోజున కారు నడిపాను. ఐదో రౌండులో బ్రేక్ పెడల్ మెత్తబడి దాదాపు నేలకు తగిలింది. గబగబా రెండు మూడుసార్లు తొక్కితే గాని బండి ఆగలేదు. కాలిన వాసన కూడా వచ్చింది. ఇంటికి వచ్చాక మెకానిక్ పాత ప్యాడ్లు తీసేసి ‘మెటల్ ప్యాడ్లు’ అని పెట్టె లేని జత ఒకటి వేశాడు. వాటితో ఇంకోసారి ట్రాక్‌కు వెళ్లి వచ్చినప్పటి నుంచి, 80 వేగంలో బ్రేకు తొక్కితే స్టీరింగ్ వణుకుతోంది. డిస్కులు వంగిపోయాయి, లేత్ పట్టించాలంటున్నారు. వచ్చే ఏడాది కొత్తవారి విభాగంలో పోటీకి దిగాలని ఉంది. ఏ ప్యాడ్లు కొనాలి? కొత్త ప్యాడ్లు సెట్ కావాలంటే తిరుమల ఘాట్ రోడ్డులో రెండుసార్లు దిగి వస్తే చాలంటున్నారు, నిజమేనా? రోజూ ఆఫీసుకు వెళ్లేది కూడా ఈ కారులోనే.
— ఒక పాఠకుడు, తిరుపతి

సమాధానం: మీరు మామూలుగా రాసేసిన ఒక్క వాక్యంలోనే మీ ప్రశ్నకు సగం సమాధానం ఉంది. పెడల్ మెత్తబడి నేలకు దిగిందన్నారు, గబగబా తొక్కితే మళ్లీ పట్టిందన్నారు. వేడికి బ్రేకులు చేతులెత్తేసే తీరు రెండు రకాలుగా ఉంటుంది, ఏది ఏదో మన కాలికే తెలిసిపోతుంది. పెడల్ ఎప్పటి ఎత్తులోనే గట్టిగా ఉండి, ఎంత బలంగా తొక్కినా బండి మాత్రం ముందుకే పోతూ ఉంటే, చక్రంతో పాటు తిరిగే డిస్కును రెండు వైపులా నొక్కి పట్టే ప్యాడ్లలోని పదార్థం తన హద్దు దాటి వేడెక్కి పట్టు వదిలేసిందని అర్థం. అలా కాక పెడల్ స్పాంజిలా మెత్తబడి కిందికి దిగిపోతే, బ్రేక్ ఆయిల్ మరిగిందని అర్థం. ఆయిల్ ద్రవంగా ఉన్నంతసేపు నలగదు కాబట్టి కాలి బలాన్ని ఉన్నదున్నట్టు, ప్యాడ్లను డిస్కుకు నొక్కే క్యాలిపర్‌కు చేరుస్తుంది. మరిగి బుడగలు పుట్టాయంటే, ఆ బుడగలను నలపడానికే మీ బలమంతా సరిపోతుంది. మీకు జరిగింది ఇదే. కాలిన వాసనను బట్టి ప్యాడ్లు కూడా బాగా అవస్థ పడ్డాయని తెలుస్తున్నది గాని, పెడల్‌ను నేలకు దించింది అవి కావు.

అందువల్ల ప్యాడ్ల కొట్టుకు వెళ్లే ముందు ఆయిల్ సంగతి చూడాలి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకునే గుణం గలది. తేమ చేరేకొద్దీ అది మరిగే వేడి తగ్గిపోతుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా, 3.7 శాతం నీరు చేరాక 140 డిగ్రీల దాకా మరగకుండా ఉండాలన్నది ప్రమాణం. డాట్ 4కు ఆ అంకెలు 230, 155, డాట్ 5.1కు 260, 180. సీసా మీద పెద్ద అక్షరాలలో వేసేది మొదటి అంకె, మీ కారులో రెండేళ్ల తరువాత నిజంగా ఉండేది రెండో అంకెకు దగ్గరలోది. మీ ఆయిల్‌ను చివరిసారి ఎప్పుడు మార్చారో మీరు రాయలేదు. సర్వీసు బిల్లులు తిరగేసి చూడండి, పాత కార్లలో చాలాసార్లు అసలు మార్చే ఉండరు. ట్రాక్ కోసం అమ్మే డాట్ 4 రకాలు కొత్తగా ఉన్నప్పుడు 300 డిగ్రీలు దాటినా మరగవు, వాటిలో ఒకదాన్ని పూర్తిగా నింపించి, ప్రతిసారీ ట్రాక్‌కు బయలుదేరబోతూ, ముందు చక్రాల క్యాలిపర్ల నుంచి కొంత పాత ఆయిల్ తీసి గాలి లేకుండా చేయించండి. మూత తీసి నెలల తరబడి ఉంచిన డబ్బాను వాడవద్దు. డాట్ 5 అన్నది సిలికాన్ రకం, పేరు దగ్గరగా ఉందని దాన్ని 5.1 అనుకొని పోయించుకుంటే తక్కిన రకాలతో కలవక కొత్త తలనొప్పి తెస్తుంది.

ఇక్కడే మీ మెకానిక్ వేసిన మెటల్ ప్యాడ్ల గురించి కూడా చెప్పాలి. ఉక్కు పీచు, ఇనుప పొడి ఎక్కువగా కలిపిన ప్యాడ్ డిస్కు వేడిని తన వెనక ఉన్న రేకుకు, ఆ రేకు నుంచి దాన్ని నెట్టే పిస్టన్‌కు, పిస్టన్ నుంచి ఆయిల్‌కు మామూలు ప్యాడ్ కంటే త్వరగా చేరవేస్తుంది. అంటే ఆయిల్ మరిగిన కారుకు, ఆయిల్ మార్చకుండా, ఆయిల్‌ను ఇంకా వేడి చేసే ప్యాడ్ వేశారన్న మాట. మనసు మంచిదే, మందు తారుమారయింది.

ప్యాడ్ ఎంపికకు వచ్చే ముందు, ఎంత వేడి గురించి మాట్లాడుతున్నామో ఒకసారి లెక్క వేసుకుందాం. ఘాట్ రోడ్డు ప్రశ్నకు కూడా ఈ లెక్కలోనే జవాబు దొరుకుతుంది. మీతో కలిపి కారు 1050 కిలోలు ఉంటుందనుకుందాం. తిరుమల నుంచి అలిపిరికి, 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డులో దిగేటప్పుడు మనం వదులుకునే ఎత్తు ఏడు వందల మీటర్లకు కాస్త అటూ ఇటూ. ఆ ఎత్తు నుంచి ఆ బరువును దింపితే వదిలించుకోవలసిన శక్తి సుమారు 7000 కిలోజౌళ్లు. అందులో ఇంచుమించు మూడో వంతు టైర్ల దొర్లుడుకే పోతుంది, రెండో గేరులో దిగితే ఇంజను ఇంకొంత మింగుతుంది, మిగిలినదే బ్రేకులకు వస్తుంది. అది కూడా అరగంట పైబడిన ప్రయాణంలో, కొంచెం కొంచెంగా.

ఇప్పుడు ట్రాక్ చూడండి. గంటకు 150 కిలోమీటర్ల వేగంతో నేరుదారి చివరికి వచ్చి, మలుపు కోసం 70కి తగ్గించారనుకుందాం. ఆ ఒక్క బ్రేకుకు 700 కిలోజౌళ్లు ఖర్చు, అదీ నాలుగు సెకన్ల లోపు. ముందు చక్రాలు అందులో డెబ్బై శాతానికి పైగా మోస్తాయి. ఒక్కొక్క ముందు డిస్కులో రాపిడికి గురయ్యే ఇనుము నాలుగు కిలోలు అనుకుంటే, ఆ ఒక్క తొక్కుడుకే డిస్కు వేడి 120 డిగ్రీలు పెరుగుతుంది. అది చల్లారకముందే తరువాతి మలుపు వస్తుంది. కొండ మీద నుంచి కింది దాకా వచ్చే మొత్తం శక్తిని ట్రాక్ మీద పది గట్టి బ్రేకుల్లో, అంటే మూడు నాలుగు రౌండ్లలో, డిస్కుల్లో పోసేస్తున్నారు. ఆ వేగంలో ఇంజను చేసే సాయం లెక్కలోకి రానంత చిన్నది. మీ కారుకు కంపెనీ వేసిన ప్యాడ్లు మొదటి రకం జీవితానికి చేసినవి. చలి ఉదయాన మొదటి తొక్కుడుకే పట్టాలి, కీచుమనకూడదు, చక్రాలను మసి చేయకూడదు. వాటిలోని పదార్థాలను కలిపి పట్టి ఉంచే రెజిన్ 300–350 డిగ్రీల ప్రాంతంలో కాలడం మొదలై వాయువు వదులుతుంది. ప్యాడ్‌కు డిస్కుకు మధ్య ఆ వాయువు పలుచటి పొరలా నిలిచి రాపిడిని తగ్గిస్తుంది. మొగిలి ఘాట్‌లో బరువు లారీల వెనక వచ్చే ఆ ఘాటు వాసన దీనిదే, మీ కారులో వచ్చినదీ దీనిదే.

మరి ఏ ప్యాడ్? మీరు అడిగినది ఒక పేరు గాని, ముందు అడగవలసినది ఒక వేడి హద్దు. మీ కారుకు, మీ వేగానికి, పదిహేను ఇరవై నిమిషాల సెషన్‌కు, 500 డిగ్రీల దాకా రాపిడి పడిపోని ప్యాడ్ చాలు. అంతకంటే ముఖ్యంగా, అది చల్లగా ఉన్నప్పుడు కూడా పట్టాలి, ఎందుకంటే మీరు సోమవారం ఉదయం అదే కారుతో లీలామహల్ కూడలిలో, చెప్పులు లేకుండా రోడ్డు దాటుతున్న యాత్రికుల మధ్య ఆగాలి. పూర్తి రేసింగ్ ప్యాడ్లలో చాలావరకు ఒకటి రెండు వందల డిగ్రీల దాకా వేడెక్కితే గాని సరిగా పట్టవు. ఊరిలో అవి ఎప్పుడూ అంత వేడెక్కవు. పైగా చల్లగా ఉన్నప్పుడు అవి డిస్కును గీకి తినేస్తాయి, వాటి పొడి అల్లాయ్ చక్రాలపై తుప్పు చుక్కలుగా అంటుకుంటుంది. అలాంటి ప్యాడ్లతో ఆఫీసుకు వెళ్లమని నేను ఎవరికీ చెప్పను. కాబట్టి మీకు కావలసినది రోడ్డుకు, ట్రాక్‌కు మధ్యస్థంగా ఉండే రకం. ఫెరోడో డీఎస్ 2500, ఈబీసీ ఎల్లోస్టఫ్ లాంటివి ఈ తరగతికి చెందుతాయి. మీ కారు క్యాలిపర్‌కు సరిపోయే ఆకారంలో ఏది దొరికితే అది, తయారీదారు ఇచ్చిన వేడి హద్దు చదివి తీసుకోండి. ఆకారం విషయంలో కారు పేరు, సంవత్సరం చెప్పి ఊరుకోకుండా, తీసిన పాత ప్యాడ్‌ను పక్కన పెట్టి పోల్చి చూడడం మంచిది.

‘సెరామిక్’ అన్న మాట చూసి మోసపోవద్దు. కొట్లో ఆ పేరుతో అమ్మేవాటిలో ఎక్కువ భాగం శబ్దం, మసి తక్కువగా ఉండాలని చేసిన రోడ్డు ప్యాడ్లే. ఖరీదైన కార్లలో ఉండే కార్బన్ సెరామిక్ డిస్కులతో వాటికి ఏ సంబంధమూ లేదు. ప్యాడ్ అంచున గాని వెనక రేకు మీద గాని రెండు ఇంగ్లీషు అక్షరాలు ముద్రించి ఉంటే వాటిని చూడండి. మొదటిది మామూలు వేడిలో రాపిడి, రెండోది ఎక్కువ వేడిలో రాపిడి: ఇ అంటే 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జి అంటే 0.45 నుంచి 0.55. మొదటి అక్షరం ఎఫ్, రెండోది ఇ అయితే వేడెక్కినకొద్దీ బలహీనపడే ప్యాడ్ అని అర్థం. అయితే ఆ పరీక్ష చిన్న ముక్క మీద, దాదాపు 340 డిగ్రీల వరకే చేస్తారు గనుక అది చెడ్డవాటిని ఏరివేయడానికి పనికివస్తుంది గాని, మంచివాటిలో మేలైనదాన్ని చూపదు. మీకు వేసిన పెట్టె లేని జత మీద ఈ అక్షరాలూ లేకపోతే, తయారీ బ్యాచి సంఖ్యా లేకపోతే, వాటిని ఇక వాడవద్దు. వాటి రెజిన్ ఏమిటో, వెనక రేకుకు ఏ జిగురుతో అంటించారో చెప్పగలిగిన వారు ఎవరూ లేరు.

చిల్లులు పెట్టిన డిస్కుల మీద మనసు పోతుంటే ఆపుకోండి. చూడడానికి బాగుంటాయి, ట్రాక్ వేడికి చిల్లు అంచుల నుంచే పగుళ్లు మొదలవుతాయి. మీ స్థాయికి సాదా డిస్కే సరైనది. క్యాలిపర్లకు ఎర్ర రంగు వేసుకోవడంలో నష్టం లేదు, లాభమూ లేదు. వెనక చక్రాల డ్రమ్ము బ్రేకులను బాగున్నంతవరకు ఉన్నట్టే ఉంచండి. పోటీకి దిగాలనుకుంటున్నారు గనుక, మీరు చేరబోయే విభాగం నియమావళిలో ప్యాడ్లు మార్చుకునే స్వేచ్ఛ ఎంతవరకు ఉందో డబ్బు ఖర్చు పెట్టక ముందే చదువుకోండి.

ఇక వణుకు సంగతి. డిస్కు వంగిందన్న మాట మన గ్యారేజీల్లో ఎంత తేలికగా వినిపిస్తుందో, అది నిజమయ్యే సందర్భాలు అంత అరుదు. చాలాసార్లు జరిగేది వేరు: వేడెక్కిన ప్యాడ్ పదార్థం డిస్కు మీద ఒకచోట మందంగా, ఒకచోట పలచగా అంటుకుంటుంది. మందంలో తేడా మిల్లీమీటరులో యాభయ్యో వంతు ఉన్నా చాలు, చక్రం తిరిగిన ప్రతిసారీ ప్యాడ్ ఆ చోట ఒకలా, ఈ చోట ఒకలా పట్టి స్టీరింగ్‌ను ఊపుతుంది. నాకిది పుస్తకంలో చదివి వచ్చిన జ్ఞానం కాదు. ఏళ్ల కిందట అదే ట్రాక్‌లో సెషన్ ముగించుకొని, ట్రాక్ పక్కన బండ్లు నిలిపే పిట్‌లోకి వచ్చి, స్నేహితుడు టైర్ల గాలి చూస్తుంటే బండి కదలకుండా బ్రేకు మీద కాలు పెట్టుకొని కబుర్లు చెబుతూ కూర్చున్నాను. సాయంత్రం తిరుత్తణి దాటేసరికి స్టీరింగ్ చేతుల్లో నిలవలేదు. ఇంటి దగ్గర చక్రం విప్పి చూస్తే డిస్కు మీద ప్యాడ్ ఆకారం, దాని మధ్యలో ఉండే గాడితో సహా, అచ్చు గుద్దినట్టు నల్లగా కనిపించింది. నేనూ మీలాగే లేత్ దగ్గరకు పరుగెత్తాను. చక్కగా మెరిసేలా చెక్కి ఇచ్చారు, మూడు వారాలు హాయిగా గడిచింది, నాలుగో వారం వణుకు మళ్లీ వచ్చింది.

అలా తిరిగి రావడానికి కారణం ఉంది. అంటుకున్న మచ్చ ఉన్నచోట రాపిడి ఎక్కువ గనుక వేడి కూడా అక్కడే పోగవుతుంది. ఆ చోటు 650–700 డిగ్రీలకు చేరితే డిస్కులోని పోత ఇనుము సిమెంటైట్ అనే గట్టి పదార్థంగా మారుతుంది. అది చుట్టుపక్కల ఇనుములా అరగదు, వేడిని సరిగా పీల్చుకోదు. లేత్ మీద పైపొర చెక్కినా లోపల ఆ గట్టి చోటు మిగిలే ఉంటుంది, కొద్ది రోజులకు చుట్టుపక్కల ఇనుము అరిగి అది మళ్లీ మెట్టలా పైకి తేలుతుంది. మీ డిస్కులు ఆ దశకు చేరాయో లేదో తెలుసుకోవడానికి లేత్ కంటే చౌకైన పరీక్ష ఉంది. డిస్కులు విప్పించి, 120 నుంచి 150 నంబరు గరుకు కాగితంతో రెండు ముఖాలనూ ఒకే దిశలో కాకుండా గుండ్రంగా అటూ ఇటూ రుద్దించండి. పాత పొర పోయి బూడిద రంగు ఇనుము ఏకరీతిగా బయటపడాలి. తరువాత బ్రేక్ క్లీనర్‌తో కడగండి. డిస్కు కూర్చునే హబ్ ముఖం మీద తుప్పును తీగ బ్రష్షుతో తీయడం మరువవద్దు, అక్కడ చిక్కుకున్న చిన్న తుప్పు పెచ్చు కూడా డిస్కును ఓరగా నిలబెట్టి ఇదే వణుకు తెస్తుంది. ఇంత చేసి, కొత్త ప్యాడ్లు పద్ధతిగా సెట్ చేశాక కూడా వణుకు ఉంటే డిస్కులు జతగా మార్చండి. డిస్కు అంచున కనీస మందం అంకెల్లో పోసి ఉంటుంది. దానికి దగ్గర పడినా మార్చవలసిందే, ఎందుకంటే పలచని డిస్కు అంతే వేడికి ఎక్కువ ఉష్ణోగ్రతకు ఎక్కుతుంది. ముఖం మీద సన్నటి వేడి గీతలు ఉంటే భయం లేదు గాని, ఆ గీత గోటికి తగిలినా, అంచు దాకా పాకినా ఆ డిస్కు తుక్కుకే.

కొత్త ప్యాడ్లను సెట్ చేయడం అంటే లోపల ఏం జరగాలో తెలిస్తే, ఘాట్ రోడ్డు ఎందుకు పనికిరాదో దానంతట అదే తెలుస్తుంది. కొత్త ఇనుప పెనాన్ని తెచ్చిన రోజే దోసె పోస్తే ఏమవుతుందో మీ ఇంట్లో వారికి తెలుసు. నూనె రాసి, కాచి, ఉల్లిపాయతో రుద్ది, చల్లార్చి, మళ్లీ కాచి, పెనం మీద పలుచటి పొర ఒకటి నిలిచాకే దోసె సవ్యంగా వస్తుంది. డిస్కు మీద కూడా ప్యాడ్ పదార్థం అంత పలచగా, అంత సమంగా ఒక పొరగా పరుచుకోవాలి. ఆ పొరకు, ప్యాడ్‌కు మధ్య పుట్టే అంటుడు రాపిడే ట్రాక్ ప్యాడ్‌కు అసలు బలం. అదే సమయంలో ప్యాడ్‌లోని రెజిన్‌లో మిగిలిన వాయువులు మెల్లగా బయటికి పోవాలి. ఒక్కసారిగా పోతే, కొత్త ప్యాడ్ మొదటి వేడికే పట్టు వదిలేయడం అనే ప్రమాదం ఉంది. ఈ రెండూ జరగాలంటే వేడి మెట్టు మెట్టుగా ఎక్కాలి, ఒక్కొక్క మెట్టు మధ్య చక్రాలు తిరుగుతూనే ఉండాలి, చివర పూర్తిగా చల్లారాలి.

ఘాట్ రోడ్డులో దీనికి సరిగ్గా వ్యతిరేకం జరుగుతుంది. అక్కడ తక్కువ వేగంలో, తేలికగా, చాలాసేపు బ్రేకు పట్టి ఉంచుతాం. పొర పరుచుకునేంత వేడి డిస్కుకు ఎక్కదు, కాని ప్యాడ్ ముఖం మాత్రం నెమ్మదిగా కమిలి గాజులా నున్నబడుతుంది. మలుపు దగ్గర ముందు బస్సు ఆగితే వేడి డిస్కు మీద ప్యాడ్‌ను నొక్కి ఉంచి నిలబడాలి, అంటే నేను పిట్‌లో చేసిన తప్పునే మలుపు మలుపుకూ చేయడం. పద్ధతి సంగతి అటుంచినా, అది పిల్లాపాపలతో భక్తులు దిగే దారి, కనీసం ఇంత సమయం తీసుకోవాలన్న నియమం ఉన్న దారి. పట్టు ఇంకా రాని కొత్త ప్యాడ్లను పరీక్షించుకోవడానికి ఆ దారిని ఎంచుకోకూడదు. ఇదే మాట భాకరాపేట ఘాట్‌కూ, రేణిగుంట వైపు విశాలంగా కనబడే హైవేకూ వర్తిస్తుంది. మీరు వంద నుంచి ఇరవైకి హఠాత్తుగా తగ్గిస్తున్నారని వెనక వచ్చే లారీ డ్రైవరుకు ఎవరు చెబుతారు?

చేయవలసిన పద్ధతి ఇది. అయితే ప్యాడ్ పెట్టెలో తయారీదారు ఇచ్చిన కాగితం ఉంటే నా మాట కంటే దానికే విలువ ఇవ్వండి, కొన్ని ప్యాడ్లను కర్మాగారంలోనే కాల్చి పంపుతారు గనుక వాటికి ఇంత తతంగం అక్కరలేదు. ప్యాడ్లు బిగించేటప్పుడు క్యాలిపర్ జారే పిన్నులు వేళ్లతో తోస్తే స్వేచ్ఛగా కదులుతున్నాయా, వాటి రబ్బరు తొడుగులు చిరగలేదా అన్నది చూసి, ఎక్కువ వేడిని తట్టుకునే గ్రీజు రాయించండి. మీ కారుది ఒకే పిస్టన్ ఉన్న జారుడు క్యాలిపర్ కాబట్టి, పిన్ను పట్టేస్తే లోపలి ప్యాడ్ ఒక్కటే పని చేసి ఏటవాలుగా అరిగిపోతుంది. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు ఊరిలో, రోడ్డు మీద మామూలుగానే నడపండి. బ్రేకు కొంచెం ముందుగా, మెత్తగా తొక్కండి, అత్యవసరమైతే తప్ప గట్టిగా వద్దు. దీనితో ప్యాడ్ ముఖం డిస్కుకు పూర్తిగా ఆని కూర్చుంటుంది.

అసలు వేడి ట్రాక్ మీదే, మొదటి సెషన్‌లో. ఆ సెషన్‌ను వేగం కోసం కాకుండా పూర్తిగా ప్యాడ్ల కోసమే కేటాయించుకోండి, స్నేహితులు దాటిపోతుంటే పోనివ్వండి. మొదటి రౌండు నెమ్మదిగా నడపండి. రెండో రౌండు నుంచి ప్రతి మలుపుకూ మీ మామూలు చోటు కంటే బాగా ముందుగా బ్రేకు మొదలుపెట్టి, చక్రం బిగుసుకునే దశకు చాలా దూరంలో, గట్టిగా గాని నిలకడగా తొక్కుతూ వేగం తగ్గించండి. పూర్తిగా ఆపవద్దు. వెనక చూసుకోకుండా నేరుదారి మధ్యలో బ్రేకు వేయడం ట్రాక్ మీద కూడా నేరమే, అందుకే మలుపుల దగ్గరే చేయమంటున్నాను. ఇలా మూడు నాలుగు రౌండ్లలో ఎనిమిది పది గట్టి బ్రేకులు పడతాయి, ఒక్కొక్కటి ముందుదాని కంటే కాస్త బలంగా ఉండాలి. మధ్యలో ఎక్కడో వాసన వస్తుంది, పెడల్ పట్టు కొద్దిగా తగ్గినట్టు అనిపిస్తుంది. వాయువులు పోతున్నాయనడానికి అది గుర్తు, అక్కడితో బలం పెంచడం ఆపండి. తరువాత ఒక రౌండు, వీలైతే రెండు, బ్రేకు దాదాపు ముట్టకుండా గాలికి చల్లారనిచ్చి లోపలికి రండి. పిట్‌లో బ్రేకు మీద కాలు పెట్టవద్దు. గేరులో ఉంచి చక్రాల కింద అడ్డు పెట్టించండి, మొదటి ఐదారు నిమిషాలు మధ్యమధ్యలో గేరు, అడ్డు తీసి కారును అరడుగు ముందుకు తోయించండి. ఆ తరువాత కనీసం అరగంట దాన్ని వదిలేయండి. నీళ్లు చల్లే ఉత్సాహవంతులు ఎవరైనా దగ్గరకు వస్తే గట్టిగానే వద్దనండి.

చల్లారాక ఒక చక్రం విప్పి చూడండి. డిస్కు ముఖం మెరిసే వెండిలా కాక, లేత నీలం కలిసిన బూడిద రంగులో, అంచు నుంచి అంచుకు ఒకేలా ఉండాలి. ఒకచోట నల్లగా, ఒకచోట తెల్లగా ఉంటే పొర సమంగా పరుచుకోలేదు, తరువాతి సెషన్‌లో ఇంకోసారి అదే తతంగం చేయాలి. ప్యాడ్‌ను బయటికి తీసి అంచును వెలుతురులో పెట్టి చూడండి. రాపిడి ముఖం నుంచి ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతు వరకు రంగు వెలిసి బూడిద తేలినట్టు ఉండి, దాని వెనక అసలు రంగు మిగిలి ఉంటే సరిగా కాలినట్టు. సగం మందం వరకు తెల్లబడి, వేలితో గీరితే రాలుతూ ఉంటే ఆ ప్యాడ్‌కు మీ వేగం ఎక్కువైంది, ఇంకో మెట్టు పైదాన్ని వెతకాలి. మూడు నాలుగు సెషన్ల తరువాత కూడా రంగు ఏమీ మారకపోతే అవసరానికి మించిన ప్యాడ్ కొన్నారు. దీన్ని అంకెల్లో చూడాలంటే వేడికి రంగు మారే పెయింట్ దొరుకుతుంది. డిస్కు బయటి అంచున మూడు చుక్కలు పెడితే ఆకుపచ్చది 430 డిగ్రీలకు, నారింజది 560కి, ఎర్రది 610కి రంగు మారుతుంది. మీ కారులో ఆకుపచ్చ మారి నారింజ మిగిలితే నేను చెప్పిన రకం ప్యాడ్ సరిపోయినట్టే. పిట్‌లోకి వచ్చాక చేతి తుపాకీలాంటి పరికరంతో కొలిచే వేడి నమ్మదగినది కాదు. మెరిసే డిస్కు మీద అది తప్పు చూపుతుంది, పైగా అప్పటికే సగం వేడి పోయి ఉంటుంది.

ప్యాడ్ మందం విషయంలో రోడ్డు లెక్క పెట్టుకోవద్దు. రోడ్డు మీద మూడు మిల్లీమీటర్లు మిగిలే దాకా నడపవచ్చు గాని, డిస్కు వేడిని ఆయిల్ దాకా పోకుండా అడ్డుకునేది ప్యాడ్ మందమే గనుక ట్రాక్‌కు సగం కంటే తగ్గిన ప్యాడ్లతో బయలుదేరకూడదు. ప్రతి సెషన్ తరువాత చక్రం ఆకుల మధ్య నుంచి టార్చి వేసి చూడడం అలవాటు చేసుకోండి. రోడ్డు మీద రెండేళ్లు వచ్చే ప్యాడ్ ట్రాక్ మీద ఒక్క వారాంతానికే అరిగిపోవచ్చు.

మీ కారులో కంపెనీ ప్యాడ్ల కొత్త జత ఒకటి, జాకీ, రెంచీలతో సహా డిక్కీలో వేసుకొని వెళ్లండి. ఇరుంగాట్టుకోట్టై నుంచి తిరువళ్లూరు, తిరుత్తణి, నగరి, పుత్తూరు మీదుగా మీకు ఇంకా నూరు కిలోమీటర్లకు పైగా చీకటి ప్రయాణం ఉంటుంది. అక్కడి గేటు దాటక ముందే, ఇంకా వెలుతురు ఉండగానే, నాలుగు ప్యాడ్లనూ చూసుకోండి. వాటిలో ఏ ఒక్కటి నాలుగు మిల్లీమీటర్లకు తగ్గినా, ఏటవాలుగా అరిగినా, ముందు చక్రాల ప్యాడ్ల జత మొత్తం మార్చుకోండి. అలా మార్చినప్పుడు డిస్కు మీద ఉన్నది వేరే ప్యాడ్ పొర గనుక మొదటి కొన్ని కిలోమీటర్లు పట్టు వేరుగా ఉంటుంది, శ్రీపెరంబుదూరు దాటేవరకు ముందు బండికి మామూలు కంటే రెట్టింపు దూరం వదలండి.